సొంత పార్టీని ఓడించడం ఎలా? రిపబ్లికన్లలో కొత్తగా చేరేవారికి చిట్కాలు

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఇల్లు కొనుక్కుని, పౌరసత్వ ప్రమాణం చేసి, పిల్లలు కాలేజీలకు వెళ్ళిపోయాక ఏమీ తోచక రాజకీయాల్లోకి దిగుదామనుకుంటున్న తెలుగువారు చాలామంది ఉన్నారు. పన్నులు తగ్గిస్తాం, వ్యాపారానికి అడ్డు రాము అన్న మాటలు చెవికి ఇంపుగా ఉండి రిపబ్లికన్ పార్టీ వైపు చూస్తున్నవారి కోసం ఈ చిట్కాలు. డెమొక్రాట్లను ఓడించే విద్య ఇందులో వెతకకండి. అది ఒళ్ళు హూనమయ్యే పని. గడప గడపకూ తిరగాలి, బిల్లులు చదవాలి, మందుల ధరలు ఎందుకు పెరిగాయని ముసలావిడ అడిగితే నిలబడి జవాబు చెప్పాలి. ఇంతకంటే సుఖమైన దారి ఉంది. పార్టీలో అవతలి వర్గంతో పోట్లాడండి. ఇక్కడ కన్జర్వేటివ్‌లు, మితవాదులు వందేళ్ళకు పైగా కొట్టుకుంటున్నారు. ఏ వర్గంలో చేరినా పని ఎగ్గొట్టడానికి లోటుండదు. కింద చెప్పినట్టు చేయండి చాలు.

1. ముందు వర్గం ఎంచుకోండి. అభిప్రాయాలు తర్వాత వాటంతటవే వస్తాయి.

మీ నియోజకవర్గంలో రిపబ్లికన్ గుర్తుతో ఎవరు నిలబడ్డా గెలుస్తారా? అయితే మీరు కన్జర్వేటివ్. ఊరి శివార్లలో, రెండు పార్టీలకూ సమానంగా ఓట్లు పడే చోట ఉన్నారా? మీరు మితవాది. ఇంతకుమించి ఆలోచించి బుర్ర పాడుచేసుకోవద్దు.

కన్జర్వేటివ్‌లకు ప్రతినిధుల సభలో 2015లో పుట్టిన ఫ్రీడమ్ కాకస్ ఉంది. పిలిస్తేనే వెళ్ళాలి. సభ్యుల జాబితా బయటపెట్టరు. ఇంతకంటే మంచి ఏర్పాటు ఎక్కడ దొరుకుతుంది? లాభం ఉన్నప్పుడు సభ్యులు, నష్టం వచ్చినప్పుడు కారు. మితవాదులకు ట్యూస్‌డే గ్రూప్ ఉండేది. దానికిప్పుడు రిపబ్లికన్ గవర్నెన్స్ గ్రూప్ అని పేరు మార్చారు. వినగానే ఆవులింత వస్తుంది. మితవాదులకు కావలసిందీ అదే. ఎవరూ మిమ్మల్ని పట్టించుకోకూడదు.

2. అవతలివాణ్ణి ‘రైనో’ అనండి.

పేరుకే రిపబ్లికన్ అని దాని అర్థం. ఖర్చు లేదు, రుజువు అక్కర్లేదు, ఎవరికైనా అతుకుతుంది. గీత ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియనివ్వకండి. రోజూ కొంచెం జరపండి. నిన్న గీతకు ఇవతల ఉన్నవాడు ఇవాళ అవతల తేలాలి.

వ్యోమింగ్ ప్రతినిధి లిజ్ చేనీని చూడండి. పన్నులు, తుపాకులు, రక్షణ ఖర్చు, ఏ విషయం తీసుకున్నా ఆమెను మితవాది అనడానికి ఆధారం దొరకదు. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు ఓటేశారు. అంతే, మే నెలలో పార్టీ నాయకత్వ పదవి పోయింది, మరుసటి సంవత్సరం ప్రైమరీలో సీటే పోయింది. ఆమెతోపాటు అలా ఓటేసిన రిపబ్లికన్ ప్రతినిధులు మొత్తం పదిమంది. తర్వాతి సభకు తిరిగొచ్చినవారు ఇద్దరు. గీత జరిపే విద్య ఎంత పదునైనదో చూశారు కదా.

దీని శక్తికి పాత రుజువు కూడా ఉంది. కన్జర్వేటివ్ ఉద్యమానికి ఆదిపురుషుడు అనదగ్గ బారీ గోల్డ్‌వాటర్, వయసు మీదపడ్డాక గర్భస్రావం హక్కునూ సైన్యంలో స్వలింగ సంపర్కుల హక్కునూ సమర్థించాడు, మతాన్ని రాజకీయాల్లోకి తెచ్చినవాళ్ళను తిట్టాడు. తను నాటిన చెట్టు నీడలో తనకే చోటు లేకుండా పోయింది. మీరు కూడా అంత కష్టపడి కట్టిన వర్గం చేతనే రైనో అనిపించుకోవాలంటే కాస్త ఓపిక పట్టాలి. ముప్పయ్యేళ్ళు చాలు.

3. లెక్కలు చదవడం బదులు ప్రతిజ్ఞ మీద సంతకం చేయండి.

పన్నులు ఎప్పటికీ పెంచను అనే ప్రతిజ్ఞా పత్రం ఒకటి పన్నుల వ్యతిరేక ప్రచారకుడు గ్రోవర్ నార్క్విస్ట్ దగ్గర 1986 నుంచీ ఉంది. సంతకం పెట్టాక బడ్జెట్ పుస్తకం తెరిచే పనే ఉండదు. లోటు పెరిగిందా? ప్రతిజ్ఞ. వంతెన కూలిందా? ప్రతిజ్ఞ. పెద్ద బుష్ 1988 పార్టీ సభలో తన పెదవులు చదవమని, కొత్త పన్నులు వేయనని అంత స్పష్టంగా చెప్పి, 1990లో డెమొక్రాట్లతో కూర్చుని లెక్కలు చూశాడు. చూసి పన్నులు పెంచాడు. 1992లో సొంత పార్టీ నుంచి పాట్రిక్ బుకానన్ ఆయన మీదకు వచ్చాడు. నవంబరులో క్లింటన్ గెలిచాడు. లెక్కలు చూడటం వల్ల వచ్చే అనర్థాలు ఇలా ఉంటాయి.

4. ప్రైమరీ గెలవండి. నవంబరు సంగతి నవంబరులో చూసుకోవచ్చు.

ఇది కన్జర్వేటివ్ వర్గం వారికి. దీన్ని శ్రద్ధగా చదవండి.

ప్రైమరీ అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే లోపలి ఎన్నిక. జనం పెద్దగా రారు. వచ్చేవాళ్ళు కోపంగా వస్తారు. వాళ్ళ కోపానికి నోరు ఇచ్చినవాడిదే గెలుపు. అసలు ఎన్నికలో రిపబ్లికన్ కాకపోయినా ఓటేయగల సామాన్యులు లక్షల్లో ఉంటారు, వాళ్ళు ప్రైమరీలో కనబడరు కాబట్టి వాళ్ళు లేరనే అనుకోండి.

డెలావేర్‌లో 2010లో మైక్ కాజిల్ అనే మితవాది సెనేట్‌కు నిలబడ్డాడు. మాజీ గవర్నర్, పదిహేడేళ్ళుగా ప్రతినిధి. నవంబరులో ఆయన గెలుపు దాదాపు ఖాయమని అందరూ అనుకున్నారు. అంత తేలికైన గెలుపు పార్టీకి దక్కనివ్వచ్చా? ప్రైమరీలో ఆయన్ను దించి క్రిస్టీన్ ఓడానెల్‌ను నిలబెట్టారు. చిన్నప్పుడు మంత్రవిద్యలో కొంచెం వేలు పెట్టానని ఆవిడ ఎప్పుడో టీవీలో చెప్పిన మాట బయటికొచ్చింది. దాంతో ప్రచార ప్రకటనను ‘నేను మంత్రగత్తెను కాను’ అని మొదలుపెట్టవలసి వచ్చింది. ఎన్నికల ప్రచారం ఆ వాక్యంతో మొదలైతే, ముగింపు ఎలా ఉంటుందో చెప్పాలా? క్రిస్ కూన్స్ హాయిగా గెలిచాడు. ఆ సీటు ఇప్పటికీ డెమొక్రాట్లదే.

ఇండియానావారు రెండేళ్ళ తర్వాత ఇదే పాఠం అప్పజెప్పారు. రిచర్డ్ లూగర్ 1977 నుంచి సెనేటర్. రష్యా అణ్వాయుధాలను విడగొట్టించే పథకాన్ని డెమొక్రాట్ సామ్ నన్‌తో కలిసి నడిపినవాడు. డెమొక్రాట్‌తో కలిసి! ఆ ఒక్క మాట చాలు కదా. రిచర్డ్ మర్డాక్ ప్రైమరీలో ఆయన్ను చిత్తు చేశాడు. చేసి, అత్యాచారం వల్ల వచ్చిన గర్భం కూడా దేవుడి సంకల్పమే అన్నట్టు చర్చావేదిక మీద మాట్లాడి, నవంబరులో డెమొక్రాట్ జో డానెల్లీకి సీటు అప్పగించాడు. సిద్ధాంతం గెలిచింది. సెనేటర్ మాత్రం అవతలివాడు.

ఇంకో మాట. పెద్ద నాయకుణ్ణి ప్రైమరీలో పడగొట్టాలనుకుంటే నిరాశపడకండి. సభలో మెజారిటీ నాయకుడు ఎరిక్ కాంటర్‌ను 2014 జూన్‌లో డేవ్ బ్రాట్ అనే ఆర్థికశాస్త్రం పంతులు ఓడించాడు. కాంటర్ మితవాది కూడా కాదు. ఆయన స్పీకర్ కుర్చీ కోసం ఎదురుచూస్తున్న మనిషి, అదే అసలు నేరం.

5. ప్రైమరీయే లేకపోతే మూడోవాణ్ణి నిలబెట్టండి.

న్యూయార్క్ రాష్ట్రం ఉత్తర కొసన 23వ నియోజకవర్గంలో 2009లో ఉప ఎన్నిక వచ్చింది. తరతరాలుగా రిపబ్లికన్ల చేతిలో ఉన్న ప్రాంతం. జిల్లా పార్టీ పెద్దలు కూర్చుని డీడీ స్కాజఫావా అనే మితవాదిని ఎంపిక చేశారు. కన్జర్వేటివ్‌లు ఒప్పుకోలేదు, డగ్ హాఫ్‌మన్‌ను విడిగా దింపారు. పార్టీ మాజీ ఉపాధ్యక్ష అభ్యర్థి సారా పేలిన్ కూడా ఆయనకే జై కొట్టింది. పోలింగుకు మూడు రోజుల ముందు స్కాజఫావా తప్పుకుంది. మితవాదులు ఇక్కడ నేర్చుకోవలసింది ఉంది. తప్పుకున్నాక ఊరుకోకూడదు. ఆవిడ మర్నాడే డెమొక్రాట్ బిల్ ఓవెన్స్‌కు మద్దతు ప్రకటించింది. ఓవెన్స్ గెలిచాడు. రెండు వర్గాలూ చెరోవైపు నుంచి చెయ్యేసి పనిని పూర్తిచేశాయి.

ఇదే పని దేశం మొత్తం మీద చేయాలంటే 1912 పద్ధతి ఉంది. ప్రెసిడెంట్ టాఫ్ట్ పార్టీ కన్జర్వేటివ్‌లకు పెద్దదిక్కు. ఆయన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టిన థియొడోర్ రూజ్‌వెల్ట్ సంస్కరణవాదులకు నాయకుడు. షికాగో పార్టీ సభలో నామినేషన్ దక్కలేదని రూజ్‌వెల్ట్ కొత్త పార్టీ పెట్టాడు. ఇద్దరికీ వచ్చిన ఓట్లు కలిపితే సగానికి పైనే. ఫలితం చూడండి: ఎలక్టోరల్ ఓట్లు డెమొక్రాట్ విల్సన్‌కు 435, రూజ్‌వెల్ట్‌కు 88, కుర్చీలో ఉన్న టాఫ్ట్‌కు 8. ఎనిమిది! వెర్మాంట్, యూటా, అంతే. నూటపది సంవత్సరాలు దాటినా ఈ రికార్డు చెక్కుచెదరలేదు. మన అమెరికా తెలుగు సంఘాల్లో ఒకదానిలోంచి ఇంకొకటి పుట్టుకురావడం చూసినవారికి ఈ విద్య కొత్తగా నేర్పక్కర్లేదనుకోండి.

6. గెలవని యుద్ధాన్నే ఎంచుకోండి.

గెలిచే యుద్ధంలో గెలిచాక పరిపాలించాలి. ఒబామా ఆరోగ్య బీమా చట్టానికి నిధులు ఆపాలని టెడ్ క్రూజ్ 2013 సెప్టెంబరులో సెనేట్‌లో ఇరవై ఒక్క గంటలు నిలబడి మాట్లాడాడు. మధ్యలో కూతుళ్ళ కోసం పిల్లల కథల పుస్తకం కూడా చదివాడు. అప్పుడు సెనేట్ డెమొక్రాట్లది, వైట్‌హౌస్ ఒబామాది. నిధులు ఆగే దారే లేదు. ఆ తర్వాత ప్రభుత్వం పదహారు రోజులు మూతపడింది. చట్టం అలాగే ఉంది. క్రూజ్ మూడేళ్ళలో ప్రెసిడెంట్ అభ్యర్థిత్వానికి పోటీపడ్డాడు.

7. మితవాదులారా, సంతకాలు చివరిదాకా సేకరించకండి.

కన్జర్వేటివ్‌లకే అన్ని చిట్కాలా అని మీరు చిన్నబుచ్చుకోవద్దు. మీ విద్య సూక్ష్మమైనది. కర్ర విరగకూడదు, పాము చావకూడదు, అయినా మీరు కర్ర పట్టుకున్న ఫోటో పేపర్లో పడాలి.

ప్రతినిధుల సభలో స్పీకర్ ఒక బిల్లును తొక్కిపెడితే దాన్ని బయటికి లాగే దారి ఉంది. 218 మంది సంతకాలు పెట్టిన పిటిషన్ కావాలి. చిన్నప్పుడు తల్లిదండ్రులతో అమెరికా వచ్చి కాగితాలు లేకుండా మిగిలిపోయిన యువకుల కోసం 2018లో కార్లోస్ కర్బెలో, జెఫ్ డెన్‌హమ్ వంటి మితవాదులు అలాంటి పిటిషన్ మొదలుపెట్టారు. డెమొక్రాట్లు కలిశారు. సంతకాలు 216కు చేరాయి. ఇంకో రెండు చాలు! ఇక్కడే మీ నైపుణ్యం కనబడాలి. సరిగ్గా ఇక్కడ ఆగండి. ‘నాయకత్వం మాతో మాట్లాడుతోంది, నమ్మకం ఉంది’ అని చెప్పండి. నాయకత్వం వాళ్ళతో మాట్లాడింది, పిటిషన్ బదులు రెండు బిల్లులు సభలో పెట్టించింది. రెండూ ఓడిపోయాయి. యువకులకు ఏమీ రాలేదు. నవంబరులో కర్బెలో, డెన్‌హమ్ ఇద్దరూ డెమొక్రాట్ల చేతిలో ఓడారు. తమ నియోజకవర్గం కోసం నాయకత్వాన్ని ఎదిరించలేదని ఓటర్లు అన్నారు. ఎదిరించారని పార్టీవాళ్ళు అన్నారు. ఇద్దరికీ చెడటం ఎంత కష్టమో మీకు తెలియదు.

అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీని మాత్రం ఆదర్శంగా తీసుకోకండి. 2010 ప్రైమరీలో ఓడిపోయి కూడా, బ్యాలెట్‌లో పేరు లేకుండానే జనం చేత తన పేరు చేత్తో రాయించుకుని గెలిచింది. అంత పొడుగు పేరు జనానికి అక్షరం అక్షరం నేర్పించింది. అదంతా శ్రమ. అసలైన మితవాదులు చేయవలసిన పని అది కాదు. ఏం జరిగినా ‘ఆందోళనగా ఉంది’ అని ప్రకటన ఇచ్చి ఓటు మాత్రం పార్టీకే వేయండి.

8. పిలుపులు పంపేటప్పుడు ఒకరిని మరిచిపోండి.

పెళ్ళికి శుభలేఖ ఇవ్వలేదని ముప్పయ్యేళ్ళు ముఖం చూడని మేనమామలు మనింట్లో కూడా ఉన్నారు కాబట్టి ఈ చిట్కా మీకు వెంటనే అర్థమవుతుంది. 2001లో సెనేట్ యాభైకి యాభై. ఉపాధ్యక్షుడి ఓటుతో రిపబ్లికన్ల మెజారిటీ. వెర్మాంట్ సెనేటర్ జిమ్ జెఫర్డ్స్ మితవాది, పైగా విద్యా కమిటీ చైర్మన్. ఆ సంవత్సరం జాతీయ ఉత్తమ ఉపాధ్యాయురాలిగా ఎంపికైనామెది వెర్మాంటే. వైట్‌హౌస్‌లో సన్మానం జరిగింది. జెఫర్డ్స్‌కు పిలుపు లేదు. దివ్యాంగ పిల్లల చదువుకు డబ్బు విషయంలో ఆయన అడిగింది కూడా ఇవ్వలేదు. మే నెలలో ఆయన పార్టీ వదిలేశాడు, సెనేట్ డెమొక్రాట్ల చేతికి పోయింది. ఒక కార్డు, ఒక కుర్చీ, ఒక కప్పు టీ మిగిలాయి. పొదుపంటే ఇది.

9. గోడ దూకేముందు అవతల ఎవరున్నారో చూడకండి.

పెన్సిల్వేనియా సెనేటర్ ఆర్లెన్ స్పెక్టర్ 2009లో రిపబ్లికన్ ప్రైమరీలో ఓడిపోతానని లెక్క వేసుకుని డెమొక్రాట్ అయ్యాడు. మరుసటి సంవత్సరం డెమొక్రాట్ ప్రైమరీలో ఓడిపోయాడు.

10. పదకొండో ఆజ్ఞను గట్టిగా వల్లించండి.

సాటి రిపబ్లికన్‌ను నిందించకు అనే సూత్రాన్ని కాలిఫోర్నియా పార్టీ అధ్యక్షుడు పార్కిన్సన్ 1966లో పెడితే రేగన్ దాన్ని నెత్తిన పెట్టుకున్నాడు. అదే రేగన్ 1976లో కుర్చీలో ఉన్న సొంత పార్టీ ప్రెసిడెంట్ ఫోర్డ్ మీద పార్టీ సభ చివరిరోజు దాకా పోరాడి కొద్దిలో ఓడాడు. ఫోర్డ్ నవంబరులో కార్టర్ చేతిలో ఓడాడు. ఆజ్ఞ ఎదుటివాళ్ళ కోసమని గుర్తుపెట్టుకుంటే మీకే ఇబ్బందీ ఉండదు.

11. ఓడిపోయాక చెప్పవలసిన మాట ముందే రాసిపెట్టుకోండి.

కన్జర్వేటివ్ ఓడితే: మితవాదులు వెన్నుపోటు పొడిచారు. మితవాది ఓడితే: పార్టీ సిద్ధాంతం మరిచింది. ఈ రెండు వాక్యాలతో ఎన్ని ఎన్నికలైనా గడుస్తాయి. 1964లో శాన్‌ఫ్రాన్సిస్కో పక్కన కౌ ప్యాలెస్‌లో మితవాదుల నాయకుడు నెల్సన్ రాకఫెల్లర్‌ను వేదిక మీద మాట్లాడనివ్వకుండా అరిచి గోల చేశారు. గోల్డ్‌వాటర్ అభ్యర్థి అయ్యాడు. 6 రాష్ట్రాలు గెలిచాడు, ఎలక్టోరల్ ఓట్లు 52. జాన్సన్‌కు 486. కన్జర్వేటివ్‌లు రాకఫెల్లర్ మనుషుల్ని తిట్టుకున్నారు. 2008లో మెకెయిన్, 2012లో రామ్నీ ఓడారు. కన్జర్వేటివ్‌లు ఈసారి రెండో వాక్యం అందుకున్నారు, అభ్యర్థులు మరీ మెతక అని.  ఓటరు ఏమన్నాడని ఎవరూ అడగలేదు. అడగకపోవడమే ఈ చిట్కాలో కిటుకు.

12. ఇక స్పీకర్‌ను దించండి. ఇది పట్టభద్రుల స్థాయి.

దీనికి ముందు మీ పార్టీకి సభలో సన్నని మెజారిటీ ఉండాలి. లావు మెజారిటీ ఉంటే మీ బెదిరింపును ఎవరూ లెక్కచేయరు. 2015లో ఫ్రీడమ్ కాకస్ మనిషి మార్క్ మెడోస్ ఇచ్చిన పదవీచ్యుతి తీర్మానం ఓటుకు రాకుండానే స్పీకర్ జాన్ బేనర్ సెప్టెంబరులో రాజీనామా ప్రకటించాడు. విలేకరుల ముందుకు హుషారుగా పాట పాడుకుంటూ వచ్చాడు. అంటే దిగిపోవడం ఆయనకు శిక్ష కాలేదు. అలాంటి పొరపాటు మళ్ళీ జరగకూడదు.

2023 జనవరిలో కెవిన్ మెకార్థీ విషయంలో జరగలేదు. ఆయనకు స్పీకర్ పదవి దక్కడానికి పదిహేను సార్లు ఓటింగ్ పెట్టవలసి వచ్చింది. ఒక్కో రౌండుకూ ఒక్కో వరం ఇచ్చాడు. చివరికి, తనను దించే తీర్మానం ఒకే ఒక్క సభ్యుడు పెట్టినా చాలు అనే నియమానికి కూడా ఒప్పుకున్నాడు. ఎవరైనా కుర్చీ ఎక్కుతూ దాని కాలొకటి కోసి ఎదుటివాడి చేతికిచ్చాడంటే, కోసినవాణ్ణి కూడా మెచ్చుకోవాలి.

సెప్టెంబరు 30న ప్రభుత్వం మూతపడకుండా మెకార్థీ డెమొక్రాట్ల ఓట్లతో తాత్కాలిక బడ్జెట్ గట్టెక్కించాడు. ప్రభుత్వాన్ని నడిపించాడు! సొంత పార్టీ ప్రతినిధి మ్యాట్ గేట్జ్ ఈ ద్రోహం భరించలేక ఆ తీర్మానం పెట్టాడు. అక్టోబరు 3న 216–210 తేడాతో స్పీకర్ పోయాడు. అమెరికా చరిత్రలో ఓటింగ్‌తో స్పీకర్‌ను దించడం అదే మొదటిసారి. దించినవారిలో రిపబ్లికన్లు ఎనిమిది మందే, మిగతా అందరూ డెమొక్రాట్లు. అవతలి పార్టీతో చేతులు కలిపాడనే నేరానికి అవతలి పార్టీతో చేతులు కలిపి శిక్ష వేయడంలో ఉన్న పనితనం గమనించండి.

తర్వాత తొందరపడకండి. స్కలీస్‌ను ఎంచుకోండి, ఓటింగ్‌కు ముందే తప్పుకోనివ్వండి. జిమ్ జోర్డన్‌ను మూడుసార్లు సభలో నిలబెట్టండి, ప్రతిసారీ ముందుకంటే తక్కువ ఓట్లు రావాలి. టామ్ ఎమ్మర్‌ను మధ్యాహ్నం ఎంచుకుని సాయంత్రానికి దింపేయండి. మితవాదులు ఈ వారాల్లో ఎన్నడూ లేనంత ధైర్యంగా జోర్డన్‌ను అడ్డుకున్నారు. ఫోన్ బెదిరింపులకు కూడా లొంగలేదు. అంత పోరాడి, అక్టోబరు 25న, జోర్డన్ అభిప్రాయాలే ఉన్నా గొంతు మాత్రం నెమ్మదిగా ఉన్న మైక్ జాన్సన్‌కు ఒక్క ఓటు తప్పకుండా వేశారు. మితవాదుల చిట్కాలన్నీ ఆ ఒక్క ఓటింగ్‌లో చూడవచ్చు.

ఈలోగా అక్టోబరు 7న హమాస్ ఇజ్రాయెల్ మీద దాడి చేసింది. ప్రపంచమంతా వాషింగ్టన్ వైపు చూసింది. సభకు స్పీకర్ లేడు కాబట్టి కనీసం ఒక తీర్మానం కూడా చేయలేకపోయింది. బిల్లు లేదు, చర్చ లేదు, ఓటరుకు జవాబు లేదు. 22 రోజులు. ప్రతినిధి జీతం ఏడాదికి 1,74,000 డాలర్లు. ఆ 22 రోజులకు ఎవరి జీతంలోనూ ఒక్క డాలరు కోత పడలేదు.